ఆ ఒక్క లైను వెనక ఏముందో కూడా చెప్పండి

మా పిన్ని కొడుకు అనంతపురంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతి సెలవులు అయ్యాక ప్రాజెక్టు పని పెట్టుకుని బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో స్నేహితులుండే పీజీలో పది రోజులు ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే బ్యాగులో ల్యాప్‌టాప్ పెట్టుకునే వచ్చాడు. తింటున్నంతసేపూ బాగానే మాట్లాడాడు. చేయి కడుక్కుని వచ్చి, ల్యాప్‌టాప్ తెరవకుండానే అన్నాడు: "అక్కా, ఇది దీనికి పనికిరాదట. కొత్తది కావాలని నాన్నను ఎలా అడగాలో తెలియడం లేదు."

ఆ ల్యాప్‌టాప్ బెంగళూరులో పాత కంప్యూటర్లు దొరికే ఎస్‌పీ రోడ్డులో కొన్నది. రెండేళ్ల కిందట నేనే వెంట ఉండి బేరమాడి ఇప్పించాను. ఏదో ఆఫీసు వాడి వదిలేసిన యంత్రం, 8 జీబీ ర్యామ్, 128 జీబీ డిస్కు, విండోస్. ఆ ఏడాది వేరుశనగ అమ్మిన డబ్బులోంచి బాబాయి తీసి ఇచ్చాడు. దానికి ఏ లోపమూ లేదని నాకు తెలుసు. మరి పనికిరాదని వాడికి ఎవరు చెప్పారు?

తెరిచి చూపించాడు. నల్లటి తెర నిండా ఎర్ర అక్షరాలు. కెమెరా ముందు నిలబడిన విద్యార్థి ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే ప్రోగ్రాం వాడి ప్రాజెక్టు. మన కాలేజీల్లో ఏటా ఎందరో ఎంచుకునేదే. దానికి డీలిబ్ అనే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసి అందరికీ ఇచ్చిన కోడ్, కావాలి. పైథాన్ భాషకు లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్ అనే సాధనంతో ‘పిప్ ఇన్‌స్టాల్ డీలిబ్’ అని మూడు రోజులుగా కొడుతూనే ఉన్నాడు. పైథాన్ తీసేసి మళ్లీ వేశాడు. పిప్‌ను కొత్తది చేశాడు. చివరికి విండోస్ మొత్తం తుడిచి మళ్లీ వేద్దామని పెన్‌డ్రైవ్ కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆ లైను వాడికి ఇచ్చింది నేనే. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ఏమేం కావాలో ఒక పేజీ రాసి పంపాను. ఆఫీసు ఇచ్చిన మ్యాక్ ముందు కూర్చుని రాశాను. నా దగ్గర ఆ లైను పనిచేసింది కాబట్టి రాశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నా మూలంగా ఒక పిల్లవాడు మూడు రోజులు తన యంత్రాన్ని, తన బుద్ధిని అనుమానించుకున్నాడు.

నా దగ్గర ఎందుకు పనిచేసింది, వాడి దగ్గర ఎందుకు చేయలేదు? డీలిబ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన లైబ్రరీ. డేవిస్ కింగ్ 2002లో మొదలుపెట్టి పెంచుకుంటూ వచ్చాడు. పైథాన్ లైబ్రరీలన్నీ ఉండే పైపీఐ అనే కొట్టులో అది సోర్స్ కోడ్ రూపంలోనే ఉంటూ వచ్చింది. పిప్ దాన్ని దించుకున్నాక మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేయాలి, అంటే మనిషి రాసిన ఆ కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చాలి. అందుకు సీమేక్ అనే సాధనం కావాలి, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి. నా మ్యాక్‌లో రెండూ ఉన్నాయి. ఎప్పుడో ఏదో పనికి ఆపిల్ కమాండ్ లైన్ టూల్స్ వేసుకున్నాను, మరెప్పుడో మ్యాక్‌లో ఇలాంటివి తెచ్చిపెట్టే హోమ్‌బ్రూ ద్వారా సీమేక్ వేసుకున్నాను, రెండింటినీ మరిచిపోయాను. మరిచిపోయినవాటిని పేజీలో ఎలా రాస్తాను? విండోస్‌తో పాటు కంపైలర్ రాదు. విడిగా దించుకోవాలంటే విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ కొన్ని జీబీలు అవుతాయి. వాడి సీ డ్రైవులో మిగిలింది 6 జీబీ. పీజీ వైఫై రాత్రి పదకొండు దాటితే గానీ కదలదు. ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా.

మా అమ్మమ్మ ఆవకాయ కొలతలు చెప్పేటప్పుడు "మన సోలతో" అనేది. ఆ సోల ఆమె ఇంట్లోనే ఉంది. పెళ్లయి వెళ్లిన మనవరాళ్ల ఇళ్లలో లేదు. ఒక ఏడాది మా పెద్దక్క జాడీ మొత్తం బూజు పట్టిపోతే, ఆ తప్పు అక్క చేతివాటానిదని అందరూ అన్నారు. కొలత చెప్పిన తీరును ఎవరూ తప్పుపట్టలేదు.

నా వాదన ఇంతే. ఒక లైబ్రరీని ఎలా ఇన్‌స్టాల్ చేయాలో రాసేవారు తమ యంత్రంలో ముందే ఉన్నదాన్ని కూడా రాయాలి. అది రాయకుండా ఒక్క లైను ఇచ్చి, ఆ లైను నడవకపోతే నేర్చుకునేవారిని తక్కువగా చూడటం అన్యాయం.

ఇక ఆ ఎర్ర అక్షరాల్లోకి వెళ్దాం, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది. పిప్ రాసిన ఆ చాంతాడంత గొడవలో ఒకచోట, ఈ లోపం లోపల నడిచిన మరో ప్రోగ్రాం నుంచి వచ్చింది, బహుశా పిప్‌ది కాదు అని ఆంగ్లంలో స్పష్టంగా ఉంది. దానికి పైన, సీమేక్ మీ కంప్యూటర్‌లో లేదని డీలిబ్ చెబుతోంది. వాడు మూడు రోజులుగా మళ్లీ మళ్లీ వేస్తున్నది పిప్‌ను, పైథాన్‌ను. తప్పు లేని ఆ రెండింటినే. ఆంగ్లం రాక కాదు. ఎర్రగా వచ్చినదాన్ని చదవాలని వాడికి ఎవరూ చెప్పలేదు. మనం ఎరుపును బడిలో దిద్దిన కాగితం మీద చూసి పెరిగాం. చూడగానే తప్పు చేశామనే అనుకుంటాం, చదవం.

చదవకుండా వాడు చేసిన పని నన్ను ఇంకా భయపెట్టింది. ముందే కంపైల్ చేసిన డీలిబ్ ఫైలు దొరుకుతుందని ఎక్కడో విని, ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి పెట్టిన లింకు నుంచి దించుకున్నాడు. అలాంటి ఫైలులో ఉండేది నేరుగా యంత్రం మీద నడిచే కోడ్. అందులో ఏముందో కంటితో చూసి తెలుసుకోలేం. సరైన దారి చూపించనప్పుడు పిల్లలు ఇలాంటి దారులే పడతారు. అదృష్టవశాత్తూ ఆ ఫైలు ఇన్‌స్టాల్ కాలేదు. కాకపోగా ఒక వాక్యం చూపించింది: ఇది ఈ ప్లాట్‌ఫాంలో చెల్లే వీల్ కాదు అని.

ఆ వాక్యాన్నే వాడు, నీ ల్యాప్‌టాప్ దీనికి పనికిరాదు అని అర్థం చేసుకున్నాడు.

వీల్ అంటే ముందే కట్టి సిద్ధంగా ఉంచిన పైథాన్ లైబ్రరీ మూట. 2012లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. లైబ్రరీ రాసినవారే ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఒక్కో పైథాన్ వెర్షన్‌కు విడివిడిగా కంపైల్ చేసి పెడితే, మన దగ్గర కంపైలర్ లేకున్నా సరిపోతుంది. ఆ ఫైలు పేరులోనే మనకు కావలసిన కబురంతా ఉంటుంది. ఉదాహరణకు లెక్కలకు వాడే నంపై అనే లైబ్రరీ వీల్ ఒకటి తీసుకుంటే, పేరు నంపై, తరువాత 1.26.4, తరువాత సీపీ311, చివర విన్ ఏఎండీ64. మొదటి అంకె లైబ్రరీ వెర్షన్. సీపీ311 అంటే పైథాన్ 3.11కు కట్టినది. విన్ అంటే విండోస్. ఏఎండీ64 అన్నచోట చాలామంది పిల్లలు తడబడతారు. మాది ఇంటెల్ ప్రాసెసర్ కదా, ఇది ఏఎండీ వాళ్లకేమో అని పక్కన పెట్టేస్తారు. 64 బిట్ల రూపాన్ని మొదట తెచ్చింది ఏఎండీ కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇంటెల్ అయినా అదే ఫైలు. విన్32 అని ఉంటే అది 32 బిట్ల పైథాన్‌కు.

వాడు దించుకున్న ఫైలు పేరులో సీపీ37 అని ఉంది. వాడి దగ్గర ఉన్నది పైథాన్ 3.13. అంతే సంగతి. ల్యాప్‌టాప్‌కూ దానికీ సంబంధమే లేదు. పేరులో ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి చూపించినప్పుడు వాడి ముఖంలో వచ్చిన మార్పు నేను మరిచిపోలేను. "అయితే కొత్తది కొనక్కర్లేదా అక్కా?" అన్నాడు.

3.13 ఎందుకు వేసుకున్నావని అడిగితే, కొత్తది మంచిది కదా అన్నాడు. సబబైన జవాబే. పైథాన్ అధికారిక పేజీ కూడా ముందుగా కొత్తదాన్నే చూపిస్తుంది. అయితే 3.9 నుంచి ప్రతి అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తోంది. లైబ్రరీలు రాసేవారు దానికి తగ్గ వీల్స్ కట్టి పెట్టడానికి కొన్ని వారాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో కొత్త పైథాన్ వేసుకున్నవాడికి పిప్ వీల్ దొరకక సోర్స్ కోడ్ దించి, కంపైలర్ ఏదీ అని అడుగుతుంది. ఒక వెర్షన్ వెనక ఉన్నవాడు హాయిగా ఉంటాడు. ఈ ఒక్క మాట నా పేజీలో ఉండి ఉంటే చాలా బాధ తప్పేది.

ఆ రోజు పరిష్కారానికి అరగంట కూడా పట్టలేదు. మినీఫోర్జ్ అనే సాధనం వేసి, 3.11తో ఒక విడి ఎన్విరాన్‌మెంట్, అంటే మిగతావాటితో కలవని వేరే గది లాంటిది, చేసి, కొండా-ఫోర్జ్ అనే ఉమ్మడి కొట్టు నుంచి డీలిబ్ తెచ్చాం. అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు విండోస్‌కు కూడా ముందే కంపైల్ చేసి పెట్టారు. కెమెరా వెలిగింది, వాడి ముఖం చుట్టూ పచ్చని చతురస్రం పడింది.

తరువాతి ఆదివారం నేను ఆ పీజీకే వెళ్లాను. ఒక్కడికి జరిగింది మిగతావారికీ జరుగుతుంటుందని అనిపించింది. కింది అంతస్తు భోజనాల గదిలో ఆరుగురు ల్యాప్‌టాప్‌లతో కూర్చున్నారు. ఆరు యంత్రాలు, ఆరు రకాల చిక్కులు. ఒకరి దగ్గర పైథాన్ ఉంది గానీ, వేసేటప్పుడు పాత్‌లో, అంటే కమాండు కొడితే విండోస్ ప్రోగ్రాం కోసం వెతికే చోట్ల జాబితాలో, చేర్చమనే గడిలో టిక్కు పెట్టలేదు. ఆ గడి మామూలుగా ఖాళీగానే ఉంటుంది. దాంతో కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోంది. 2019 నుంచి విండోస్ 10లో వచ్చిన ఏర్పాటు అది. ఇంకొకరి దగ్గర మూడు పైథాన్లు ఉన్నాయి, కాలేజీలో వేయించిన అనకొండా అనే మూటలోది ఒకటి, స్టోర్ నుంచి వచ్చింది ఒకటి, తాను దించుకున్నది ఒకటి. పిప్ ఒకదానిలో వేస్తోంది, ప్రోగ్రాం మరొకదానిలో వెతుకుతోంది. ఉత్తరం ఒక ఇంట్లో వేసి, పక్కింటి గుమ్మంలో ఎదురుచూసినట్టు. ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్’ అని కొడితే ఏ పైథాన్‌తో నడిపామో దానిలోనే లైబ్రరీ చేరుతుంది. ఈ అలవాటు మొదటి రోజే నేర్పాలి.

ఒకబ్బాయిది సెలెరాన్ ప్రాసెసర్. మెషిన్ లెర్నింగ్‌కు వాడే టెన్సర్‌ఫ్లో అనే లైబ్రరీ చక్కగా ఇన్‌స్టాల్ అయింది, వాడబోతే పడిపోతోంది. 2018లో వచ్చిన 1.6 నుంచి టెన్సర్‌ఫ్లో అధికారిక మూటలకు ఏవీఎక్స్ అనే సౌకర్యం ఉన్న ప్రాసెసర్ కావాలి. తక్కువ ధర సెలెరాన్‌లలో చాలావాటికి అది ఉండదు. ఈ ఒక్కచోట కొరత నిజంగా యంత్రానిదే. కానీ అదీ ముందే ఒక వాక్యంలో చెప్పదగినది. చెప్పి ఉంటే ఆ అబ్బాయి కొన్ని వందల ఎంబీలు రెండుసార్లు దించుకునేవాడు కాదు.

విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్ వాడే అమ్మాయి ఒకరు పక్క పీజీ నుంచి వచ్చారు. ఆమెకు పిప్ అసలు పని చేయనని మొరాయిస్తోంది. డెబియన్ అనే మరో లైనక్స్‌లో 12 నుంచి, ఉబుంటులో 23.04 నుంచి, అంటే 2023 నుంచి, సిస్టమ్‌లో ఉన్న పైథాన్‌లోకి పిప్‌తో ఏదీ వేయనివ్వరు. కారణం న్యాయమైనదే. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ సొంత పనులు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి, మనం వేసే లైబ్రరీ వాటిని చెడగొట్టవచ్చు. దానికి మందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. ఆమె మాత్రం ఎక్కడో చూసి, సిస్టమ్‌ను చెడగొట్టినా ఫరవాలేదనే అర్థం వచ్చే ఆప్షన్ జోడించి కొడుతోంది. ఆ ఆప్షన్ పేరే హెచ్చరిక. చెప్పినవారు ఆ పేరు అర్థం కూడా చెప్పాలి కదా.

మ్యాక్ గురించి ఎక్కువ చెప్పను, ఆ గదిలో అది ఎవరి దగ్గరా లేదు. అక్కడా సూచనలకు కాలం చెల్లుతుంది. 2020 చివర్లో ఎం1 చిప్ వచ్చాక హోమ్‌బ్రూ వేసే చోటే మారింది. 2022లో మ్యాక్ ఓఎస్ 12.3తో పైథాన్ 2.7ను ఆపిల్ తీసేసింది. పైథాన్ ఎలాగూ ఉంటుంది అని రాసిన పాత పాఠాలన్నీ ఆ రోజుతో తప్పులయ్యాయి.

విండోస్ మీద పైథాన్ నేర్చుకున్న మా తరంవాళ్లు ఒక మనిషికి రుణపడి ఉన్నాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణంలో పనిచేసిన క్రిస్టోఫ్ గోల్కే వందలాది లైబ్రరీలను విండోస్‌కు తానే కంపైల్ చేసి ఒక సాదా పేజీలో పెట్టేవాడు. నంపై, సైపై లాంటి లైబ్రరీలను అప్పట్లో విండోస్‌లో కంపైల్ చేయడం గగనం. ఆ పేజీకి వెళ్లి, మన వెర్షన్ చూసుకుని, దించుకునేవాళ్లం. 2022లో ఆ సేవ ఆగింది. అప్పటికి చాలా లైబ్రరీలు తమ వీల్స్ తామే కట్టడం మొదలుపెట్టాయి కాబట్టి లోకం ఆగిపోలేదు. కానీ అన్నేళ్లపాటు ప్రపంచంలో ఎంతోమంది విద్యార్థుల చదువు ఒక్క మనిషి ఓపిక మీద నడిచింది. ఇన్‌స్టాల్ చేయించడం చిన్న పని అనుకునేవాళ్లు ఆ పేజీని గుర్తు తెచ్చుకోవాలి.

నాతో పనిచేసే ఒక పెద్దాయన ఇదంతా విని, ఇలా తిప్పలు పడితేనే ఇంజినీరు అవుతారమ్మా, మేమూ అలాగే నేర్చుకున్నాం అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను. తిప్పలు పడటం వేరు, నేర్చుకోవడం వేరు. కారణం కనబడే కష్టం మనిషికి ఏదో ఒకటి ఇస్తుంది. కారణం కనబడని కష్టం నుంచి మా తమ్ముడు మూడు రోజుల్లో నేర్చుకున్నది, తాను ఈ పనికి తగడేమో అన్న అనుమానం ఒక్కటే. ఆయన నేర్చుకున్నారు సరే, అలా వదిలి వెళ్లిపోయినవారు మనకు కనబడరు. వాళ్లు ఈ ఆఫీసుల దాకా రారు.

అసలు ఇన్‌స్టాల్ చేయడం ఎందుకు, ప్రోగ్రాంను బ్రౌజర్‌లోనే నడిపే గూగుల్ కొలాబ్ వాడితే సరిపోతుంది కదా అని మరొకరు. మొదటి వారానికి మంచిదే, నేనూ వాడమంటాను. కానీ నెట్ పోతే పని ఆగుతుంది, కొంతసేపు ముట్టుకోకపోతే వేసినవన్నీ మళ్లీ వేసుకోవాలి, ఎదురుగా ఉన్న కెమెరాను నేరుగా అందుకోదు. పైగా అది నడిచేది లైనక్స్ మీద. రేపు అదే ప్రోగ్రాంను కాలేజీ ల్యాబ్‌లోని విండోస్‌లో చూపించమంటే కథ మొదటికి వస్తుంది. 2024లో వచ్చిన యూవీ అనే సాధనం మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. పైథాన్‌ను కూడా తానే తెచ్చి, వెర్షన్ అడిగినది పెట్టి, ఎన్విరాన్‌మెంట్ తానే చేస్తుంది. మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ దాదాపు ఒకే తీరు. అయినా ఎవరూ కట్టని వీల్‌ను అదీ పుట్టించలేదు.

ఉచితంగా లైబ్రరీలు రాసి పంచేవారిని నేను నిందించడం లేదు. వాళ్లు మనకు బాకీ లేరు. వాళ్లకు చేయగలిగిన సాయం కూడా ఉంది. మూడు సిస్టమ్‌లకూ వీల్స్ కట్టే సీఐబిల్డ్‌వీల్ అనే సాధనం ఉంది, బహిరంగ ప్రాజెక్టులకు, కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్ తన విండోస్, మ్యాక్, లైనక్స్ యంత్రాలను ఉచితంగా వాడుకోనిస్తుంది. ఒక చిన్న లైబ్రరీకి ఆ ఏర్పాటు చేసి పంపడం అనుభవమున్న ఇంజినీరుకు ఒకటి రెండు వారాంతాల పని. బెంగళూరులో అలాంటి తెలుగువాళ్లకు కొదవ లేదు.

నాకు కోపం వచ్చేది వేరేవారి మీద. వేలకు వేలు ఫీజు తీసుకుని, మొదటి రోజే "ఇంట్లో ఇన్‌స్టాల్ చేసుకుని రండి" అనే శిక్షణ కేంద్రాల మీద. ఒక కమాండు బోర్డు మీద రాసి ముందుకు వెళ్లిపోయే పాఠాల మీద. నాలాగే కంపెనీ మ్యాక్ ముందు కూర్చుని, ఊళ్లో చదివే పిల్లల కోసం పాఠాలు రాసే నా తోటివాళ్ల మీద కూడా. తరగతిలో మొదటి రెండు గంటలు ఇన్‌స్టాల్ చేయించడానికే పెట్టండి. అదే మొదటి పాఠం. పాత్ అంటే ఏమిటి, ఫైలు ఎక్కడికి వెళ్లింది, ఎర్ర అక్షరాల్లో ఏ లైను చదవాలి, ఇవన్నీ అక్కడే వస్తాయి.

నా పేజీని నేను తిరగరాశాను. ఇప్పుడది ఏ కమాండుతోనూ మొదలుకాదు. మీది ఏ ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ ఎన్నో వెర్షన్, ఎన్ని బిట్లు, డిస్కులో ఎంత ఖాళీ ఉంది, ఇవి ఎలా చూసుకోవాలో ముందు చెబుతుంది. ప్రతి దశకు ఎన్ని ఎంబీలు దిగుతాయో రాశాను, ఫోను డేటా లెక్క చూసుకునేవారి కోసం. సరిగ్గా అయితే తెర మీద ఏం కనబడుతుందో, కాకపోతే ఏం కనబడుతుందో కూడా రాశాను. మొత్తం తెలుగులోనే.

రాయడంతో అయిపోదని కూడా తెలిసింది. ఎస్‌పీ రోడ్డుకు మళ్లీ వెళ్లి, మా తమ్ముడి దానిలాంటిదే ఒక పాత విండోస్ ల్యాప్‌టాప్ కొన్నాను. అందులో కంపైలర్ లేదు, సీమేక్ లేదు, పైథాన్ లేదు. పేజీలో ఏది మార్చినా దాన్ని తుడిచి, మొదటి లైను నుంచి కొట్టి చూస్తాను. అక్టోబరులో కొత్త పైథాన్ వస్తుంది. ఆ వారాంతం ఊరికి రానని అమ్మకు ఇప్పుడే చెప్పాను.